నెత్తుటిలో నెమ్ము జాడలు



ఈసారి టపా ఛందస్సును గురించి కాదు, ప్రబంధాలను గురించి అంతకన్నా కాదు. పసిపిల్లల న్యుమోనియాను గురించి, అది ఎప్పుడు ముదురుతుందో రక్తపరీక్షతో ముందుగా కనిపెట్టాలని మనుషులు చేసిన ప్రయత్నాలను గురించి. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పుకున్నవాడికి ఈ వైద్యం గొడవ ఎందుకని మీలో కొందరు వ్యాఖ్య రాయబోయే ముందే నా కారణం నేను విన్నవించుకుంటాను. కాస్త పెద్ద టపా, ఓపిక పట్టండి.

2022 డిసెంబరులో నేను మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. మనవడికి ఏడు నెలలు. రెండు రోజులుగా ముక్కు కారడం, దగ్గు. మూడోనాడు జ్వరం తగలగానే రక్తపరీక్ష చేయించారు. సాయంత్రానికి ఆ కాగితం ఫోనులోకి వచ్చింది. సీఆర్‌పీ అన్న పేరు ఎదుట 4 అనే అంకె ఉంది. పక్కనే మామూలు హద్దు అంటూ ఇచ్చిన గడి ఉంది, ఈ అంకె ఆ గడిలోనే ఇమిడింది. అక్షరాలు చదవగలిగినవాడికి అర్థం కూడా తెలిసిపోతుందన్న భ్రమ మాబోటివాళ్ళకు కాస్త ఎక్కువ. "హద్దులోనే ఉందమ్మా, కంగారు పడకు. రేపు చూద్దాం" అన్నాను కోడలితో. ఆ అమ్మాయి నా మాటకు బదులు చెప్పలేదు. పిల్లవాడి చొక్కా పైకెత్తి, "కాగితం సంగతి నాకు తెలీదు మామయ్యగారూ, వీడు డొక్కలెగరేస్తున్నాడండీ" అంది.

రాత్రి ఎనిమిదికి ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ నేను చాపిన ఫోను వైపు చూడలేదు. పిల్లవాణ్ణి తల్లి ఒడిలోనే ఉంచి, చేతి గడియారం చూసుకుంటూ నిమిషంపాటు ఆ చిన్న పొట్ట మీదనే చూపు నిలిపింది. అరవై నాలుగు అంది. కాలి బొటనవేలికి ఎర్రటి వెలుగున్న క్లిప్పు తగిలించారు. దాని తెర మీద 88 కనిపించింది. ఆ తరువాతే ఆమె కాగితం అడిగింది. ఆర్‌ఎస్‌వీ అనే వైరసు అని మరునాడు తేలింది. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. బిడ్డ కోలుకున్నాడు, ఇప్పుడు నా కళ్ళజోడు దాచేసి నన్నే వెదకమంటాడు. కానీ "రేపు చూద్దాం" అన్నది నేనే. ఆ మాట నన్ను వదలలేదు. ఆ 4 అనే అంకె ఎక్కడ పుట్టింది, దాన్ని నేను ఎందుకు నమ్మాను అన్న ప్రశ్న పట్టుకుని దొరికినంత చదివాను. ఆ చదివినదే ఈ వ్యాసం.

ఇంకొక కారణం కూడా ఉంది. 1968లో మా తమ్ముడు ఎనిమిదో నెలలో పోయాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "నెమ్ము చేసింది" అంది మా నాయనమ్మ మొదటిరోజు. రెండోరోజు పొద్దున చంటివాడి చొక్కా పైకెత్తి చూసి, "డొక్కలెగరేస్తున్నాడురా, బండి కట్టు" అని నాన్నను కేకేసింది. గోదావరి పాయ దాటాలి, పడవ అవతలి గట్టున ఉంది. అంతకన్నా రాయను. యాభై నాలుగేళ్ళ తరువాత, బడి మొహం చూడని మా నాయనమ్మ మాటనే ఇంజనీరింగు చదివిన కోడలి నోట విన్నానన్నది మాత్రం చెప్పాలి.

భాషాప్రవీణ చదివినవాణ్ణి గనుక మాటల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. నెమ్ము అంటే చెమ్మ, తడి. గోడకు నెమ్ము, ధాన్యానికి నెమ్ము, రొమ్ముకు నెమ్ము. ఊపిరితిత్తి గాలితో నిండవలసిన చోట నీరు, చీము చేరడమే న్యుమోనియా గనుక పేరు సరిగ్గానే అమరింది. డొక్క అంటే పక్కటెముకల కింది మెత్తని చోటు. ఊపిరితిత్తులు గట్టిపడి గాలి చాలనప్పుడు బిడ్డ బలమంతా పెట్టి గాలి లాగుతాడు, ఆ లాగుడుకు రొమ్ము కింది భాగం లోపలికి పోతుంది, పొట్ట పైకి లేస్తుంది. హిందీవారు దీన్నే 'పస్లీ చల్నా' అంటారు, అంటే పక్కటెముకలు ఆడడం. చరకసంహిత శ్వాసరోగాన్ని మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదుగా విడదీసింది. వాటిలో ఎక్కువ పేర్లు ఊపిరి నడిచే తీరును బట్టి పెట్టినవే. నెత్తురులో చూడాలన్న కోరిక మాత్రం మనకు మరో దారిలో వచ్చింది. ఆ దారి ఐరోపాలో మొదలవుతుంది.

అక్కడ శతాబ్దాల తరబడి రొమ్ములో మంట, జ్వరం ఉన్న రోగికి మొదటి చికిత్స నరం కోసి నెత్తురు తీయడం. తీసిన నెత్తురును గిన్నెలో పట్టి నిలవనిచ్చేవారు. ఆరోగ్యవంతుడి నెత్తురయితే ఎర్రగా గడ్డకడుతుంది. న్యుమోనియా రోగి నెత్తురయితే ఎర్రదనమంతా అడుగుకు దిగి, పైన మీగడవంటి పాలిపోయిన పొర కడుతుంది. ఆ పొరకు లాటిన్‌లో క్రస్టా ఫ్లోజిస్టికా అని పేరు, మంట తెచ్చిన పెచ్చు అని అర్థం చెప్పుకోవచ్చు. పెచ్చు మందంగా ఉంటే మంట ఎక్కువ, కనుక ఇంకా నెత్తురు తీయాలి అనుకునేవారు. నాకు తెలిసి న్యుమోనియాకు నెత్తుటి గుర్తు అంటూ వాడుకలోకి వచ్చినవాటిలో ఇదే పాతది. గుర్తు నిజమే, దాన్ని బట్టి చేసిన పనే తప్పు. పారిస్‌లో పియర్ లూయీ అనే వైద్యుడు 1835లో అచ్చువేసిన గ్రంథంలో 77 మంది న్యుమోనియా రోగుల లెక్క తీశాడు. మొదటి నాలుగు రోజులలో నెత్తురు తీసిన 41 మందిలో 18 మంది పోయారు. ఆ తరువాత తీసిన 36 మందిలో 9 మంది పోయారు. నెత్తురు తీయడం వల్ల లోకం అనుకుంటున్నంత మేలు లేదని ఆయన తేల్చాడు. వైద్యంలో అంకెలతో వాదించడం నేర్పిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. పుస్తకం వచ్చాక కూడా నెత్తురు తీయడం దశాబ్దాలపాటు ఆగలేదన్నది వేరే సంగతి. అంకెలు చూసి అలవాటు మార్చుకునేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

ఆ పెచ్చు ఎందుకు కడుతుందో తెలియడానికి ఇంకా కాలం పట్టింది. వార్సాలో ఎడ్మండ్ బియర్నాట్స్కీ 1897లో, స్టాక్‌హోంలో రాబిన్ ఫోరెయస్ 1918లో ఎర్రకణాలు దిగే వేగాన్ని కొలిచారు. ఫోరెయస్ నిజానికి వెదికింది గర్భవతులను గుర్తించే పరీక్షను. దొరికింది ఈఎస్ఆర్. 1921లో వెస్టర్‌గ్రెన్ దానికి గొట్టం, కొలత స్థిరపరిచాడు. శరీరంలో మంట పుట్టినప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. అది ఎర్రకణాలను దొంతర పెట్టిన నాణేలలా అంటిస్తుంది. దొంతర బరువు గనుక త్వరగా దిగుతుంది, పైన పాలిపోయిన పొర మిగులుతుంది. అంటే పాతకాలపు గిన్నెలోని పెచ్చూ, మన ఊళ్ళో ల్యాబులో నిలబెట్టే సన్నని గొట్టమూ చూపిస్తున్నది ఒకే సంగతిని. పాతవాళ్ళు చెప్పిన నాలుగు ధాతువుల సిద్ధాంతం కూడా గిన్నెలో విడిపోయిన ఈ పొరలను చూసే పుట్టి ఉంటుందని ఫోరెయస్ ఊహించాడు. నాకు ఆ ఊహ చాలా నచ్చింది. సిద్ధాంతం తప్పయినా దాని వెనుక ఎవరో ఒకరు కళ్ళారా చూసినది ఉంటుంది.

ఇక మా మనవడి కాగితం మీది సీఆర్‌పీ. ఇది అక్షరాలా న్యుమోనియా ఇంట పుట్టిన బిడ్డ. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రి 1910లో తెరిచారు. అక్కడ ఆస్వాల్డ్ ఏవరీ అనే పరిశోధకుడు న్యుమోకాకస్ అనే సూక్ష్మక్రిమి వెంటపడి జీవితమంతా గడిపాడు. జన్యువుల పదార్థం డీఎన్ఏ అని 1944లో మెక్లియడ్, మెకార్టీలతో కలిసి చూపించినది కూడా ఆయనే, ఆ క్రిమి మీది పనిలోనే. ఆయన ప్రయోగశాలలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అని ఇద్దరు యువకులు ఉండేవారు. ఆ క్రిమి నుంచి వేరుచేసిన ఒక పిండిపదార్థానికి 'సి' భాగం అని గుర్తు పెట్టుకున్నారు. దాన్ని న్యుమోనియా రోగుల రక్తపు తేటలో కలిపితే తెల్లగా విరిగింది. జ్వరం దిగి కోలుకున్నవారి తేటలో కలిపితే విరగలేదు. ఆ సంగతిని 1930లో ప్రకటించారు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, వాళ్ళు ఎదురుచూసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. క్రిమితో పోరాడి గెలిచినవాడి రక్తంలో ఆయుధాలు ఉండాలి, రోగం తొలినాళ్ళలో ఉండకూడదు. ఇదేమో రోగం ఉన్నప్పుడు ఉంది, పోయాక పోయింది. పైగా మరికొన్ని సూక్ష్మక్రిముల వల్ల వచ్చే జబ్బులలో, కీళ్ళవాత జ్వరంలో కూడా కనిపించింది. అంటే ఒక్క క్రిమికి ముడిపడిన గుర్తు కాదన్నమాట. 1941 నాటికి ఆ పదార్థం ప్రోటీన్ అని తేలింది. 'సి' భాగంతో చర్య జరిపే ప్రోటీన్ గనుక సి-రియాక్టివ్ ప్రోటీన్ అయింది. ఆ 'సి'కి మరే గూఢార్థమూ లేదు, సీసా మీద అంటించిన చీటీలోని అక్షరం. మెకార్టీ 1947లో దాన్ని స్ఫటికాలుగా తీశాడు. టిల్లెట్ తరువాత స్ట్రెప్టోకైనేజ్ కనిపెట్టాడు, ఫ్రాన్సిస్ 1954లో పోలియో టీకా మహాపరీక్షను నడిపించాడు. ఇద్దరికీ యవ్వనంలో దొరికిన ఈ చిన్న వింత, ఇవాళ మన జిల్లా కేంద్రాలలో ప్రతి ల్యాబు గోడ మీదా ధరల పట్టికకు ఎక్కింది.

దాని నడక తెలుసుకున్నాక నా తప్పు నాకు తెలిసింది. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. మంట మొదలైన ఆరేడు గంటలకు అది రక్తంలో పెరగడం మొదలుపెడుతుంది, రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. తయారీ ఆగితే పందొమ్మిది గంటలకు ఒకసారి సగమవుతూ వస్తుంది. కనుక రోగం తొలి గంటలలో తీసిన నెత్తురులో అంకె తక్కువగా ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం, చాలా వైరసులు దాన్ని పెద్దగా కదిలించవు. మా వాడి సంగతి అదే. వాడి రొమ్ము నిండా పట్టినది వైరసు. కాలేయం పెద్దగా ఉలకలేదు, ఊపిరితిత్తులు మాత్రం ఓడిపోతున్నాయి. కాగితం అబద్ధం చెప్పలేదు. నేను అడగని ప్రశ్నకు అది జవాబిచ్చింది, నేను దాన్ని నా ప్రశ్నకు జవాబుగా చదువుకున్నాను.

బాక్టీరియానా, వైరసా అన్నది ఒక ప్రశ్న. ఈ బిడ్డ ఈ రాత్రి నిలుస్తాడా, లేదా అన్నది వేరే ప్రశ్న. నెత్తుటి గుర్తుల చరిత్రలో తొంభై ఏళ్ళుగా మొదటి ప్రశ్నకు జవాబు మెరుగుపడుతూ వచ్చింది. రెండోదాని దగ్గర తడబాటు ఇంకా పోలేదు.

మొదటి ప్రశ్నకు వచ్చిన పెద్ద జవాబు ప్రోకాల్సిటోనిన్. మెడలోని థైరాయిడ్ గ్రంథి కాల్సిటోనిన్ అనే హార్మోను తయారు చేస్తుంది, దానికి ముడిసరుకు ఇది. అంటుజబ్బులతో దీనికి సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 1993లో ఫ్రాన్స్‌కు చెందిన అసికో, జాండ్రెల్, బోయువోఁ బృందం లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేసింది. పుట్టిన బిడ్డ మొదలుకొని పన్నెండేళ్ళ వరకు 79 మంది పిల్లలను చూశారు. బాక్టీరియా తీవ్రంగా సోకిన 19 మందిలో ఈ పదార్థం మిల్లీలీటరుకు 6 నుంచి 53 నానోగ్రాముల దాకా ఉంది. ఆ సోకు లేని 21 మందిలో 0.1 కన్నా తక్కువ.  ఆ తరువాత లోకమంతా దాని వెంట పడింది. అమెరికాలో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన 532 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ప్రోకాల్సిటోనిన్ 0.1 లోపు ఉన్న ఏ బిడ్డలోనూ మామూలు న్యుమోనియా బాక్టీరియా దొరకలేదు. అంటే యాంటిబయోటిక్ ఎవరికి అక్కరలేదో చెప్పడానికి ఇది పనికివస్తుంది. అదీ చిన్న మేలు కాదు.

సీఆర్‌పీకి కూడా అటువంటి పరీక్షే జరిగింది. బంగ్లాదేశ్, థాయిలాండ్, ఆఫ్రికాలోని ఐదు దేశాలలో పెర్చ్ అనే పేరుతో పెద్ద అధ్యయనం నడిచింది. లీటరుకు 40 మిల్లీగ్రాములు అన్న గీత గీస్తే, బాక్టీరియా అని రుజువైన న్యుమోనియా పిల్లలలో నూటికి 77 మంది గీతకు పైన ఉన్నారు. ఆర్‌ఎస్‌వీ న్యుమోనియా పిల్లలలో నూటికి 83 మంది గీతకు దిగువన ఉన్నారు. 2017లో ఈ లెక్క అచ్చయింది. మా మనవడు ఆ 83 మంది కోవలోని వాడు. నేను ఆ సంఖ్యను ఓదార్పుగా తీసుకున్నాను. అదే అధ్యయనం 2019లో ఇంకో మాట చెప్పింది. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైన న్యుమోనియాలో వైరసుల వాటా నూటికి 61, బాక్టీరియా వాటా 27. ఒక్క ఆర్‌ఎస్‌వీ వాటాయే 31. వైరసు అయితే భయం లేదనుకునే నాబోటి తాతలు ఈ అంకెలను గోడకు అంటించుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. తీవ్రతను నెత్తురు చెప్పగలదా అని సూటిగా అడిగినవాళ్ళు అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వైద్యులు. 2020లో పీడియాట్రిక్స్ పత్రికలో వాళ్ళ జవాబు వచ్చింది. 477 మంది పిల్లలు. తెల్లకణాలు, వాటిలోని న్యూట్రోఫిల్స్, సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ అనే నాలుగింటినీ కొలిచారు. తీవ్రమైన జబ్బును తీవ్రం కానిదాని నుంచి వేరుచేయడంలో ఏ గుర్తుకూ 0.6 మించి మార్కు రాలేదు. నాణెం ఎగరేసి చెబితే 0.5, తప్పే లేకుండా చెబితే 1. మార్కులు వేయడంలో నాకు కొంత అనుభవం ఉంది. 0.6 అంటే, రాసినవాడి కష్టాన్ని చూసి గట్టెక్కించే మార్కు.

మరి నెత్తురు చెప్పలేనప్పుడు ఎవరు చెప్పారు? దీనికి జవాబు ల్యాబులు లేని చోట్ల దొరికింది. పాపువా న్యూగినీ కొండల్లో గొరోకా అనే ఊరు ఉంది. అక్కడి ఆసుపత్రికి న్యుమోనియా పిల్లలు వరసకట్టి వచ్చేవారు. ఎక్స్‌రే అందరికీ తీయలేరు, రక్తపరీక్ష మాట అటుంచండి. ఫ్రాంక్ షాన్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి, ఆరోగ్య కార్యకర్త కంటితో చూసి తేల్చగల గుర్తులేమిటని వెదికాడు. 1984లో ఆయన చెప్పినది ఇంతే. దగ్గుతో వచ్చిన బిడ్డ ఊపిరి వేగంగా ఉంటే మందు ఇవ్వండి. రొమ్ము కింది భాగం లోపలికి పోతుంటే ఆసుపత్రిలో చేర్చండి. లోపలికి పోవడం అన్నది చదవగానే పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పడవ కోసం గట్టు మీద అరుస్తున్న నాన్న గుర్తొచ్చాడు.

ఇది అక్కడి పిల్లలకే వర్తిస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. దాన్ని తీర్చిన చోట్లలో వెల్లూరు ఒకటి. చిత్తూరు జిల్లా వాళ్ళకు ఏ పెద్ద జబ్బు వచ్చినా బస్సెక్కి వెళ్ళే క్రైస్తవ వైద్య కళాశాల ఊరు. థామస్ చెరియన్, జాకబ్ జాన్ మొదలైనవారు అక్కడ పిల్లలను పరీక్షించి 1988లో లాన్సెట్‌లో రాశారు. ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఆ పైబడిన పసివాళ్ళకు 40 దాటిన ఊపిరి ఊపిరితిత్తుల జబ్బును చక్కగా పట్టిస్తుందని వాళ్ళ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమంలో ఈనాటికీ ఉన్నవి ఆ అంకెలే. రెండు నెలల లోపు బిడ్డకు మాత్రం 60.

గోదావరి, ప్రాణహితలకు అవతల మన తెలంగాణను ఆనుకుని గడ్చిరోలి జిల్లా ఉంది. మహారాష్ట్రదే అయినా సిరోంచ వైపు తెలుగు వినిపిస్తుంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఇంకొక అడుగు వేశారు. ఊరి కార్యకర్తలకు, మంత్రసానులకు ఊపిరి లెక్కపెట్టడం, మందు ఇవ్వడం నేర్పారు. అందరికీ పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాదు గనుక, ఇసుక గడియారానికి పూసలు జోడించిన ఒక పనిముట్టు చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయే లోపు చివరి పూస చేరితే ఆ బిడ్డకు న్యుమోనియా. 1990లో ఫలితాలు వచ్చాయి. ఆ ఊళ్ళలో న్యుమోనియా మరణాలు పక్క ఊళ్ళతో పోలిస్తే 54 శాతం తక్కువ. మందు అందిన 612 మంది రోగులలో చనిపోయినవారు నూటికి ఒకరు కూడా లేరు. మందు అందని ప్రాంతంలో నూటికి పదమూడు మందికి పైనే. నెత్తురు చుక్క తీయలేదు.

అయితే ఊపిరి లెక్కకు దాని లోపాలు దానికి ఉన్నాయి. జ్వరం వచ్చినా, ఏడ్చినా ఊపిరి పెరుగుతుంది. 'తీవ్రం' అన్న మాటకు అర్థం కూడా నిలకడగా లేదు. 2014 వరకు డొక్కలెగరేస్తే చాలు తీవ్ర న్యుమోనియా. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం మార్చింది. ఇతర ప్రమాద సూచనలు లేకుండా డొక్కలు మాత్రమే ఎగురుతుంటే నోటి మందుతో ఇంటి దగ్గరే చూడవచ్చని, పాలు తాగలేకపోవడం, మూర్ఛ, మగత, ఆగని వాంతులు వంటివి ఉంటేనే తీవ్రమని చెప్పింది. నిర్వచనం ఇలా కదులుతుంటే తీవ్రతను ముందుగా చెప్పే గుర్తుకు మార్కులు వేయడం కష్టమే. దేనితో సరిపోల్చి వేస్తాం?

ఇంతకూ నెత్తురు ఈ విషయంలో పూర్తిగా మూగది కాదు. మనవడి బొటనవేలికి పెట్టిన ఎర్రటి క్లిప్పు మాటకు వస్తాను. ప్రాణవాయువు నిండిన నెత్తురు, నిండని నెత్తురు ఎర్ర వెలుగును వేరువేరుగా పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడు వచ్చే మార్పును మాత్రం ఏరుకుంటే సూది గుచ్చకుండానే నెత్తుటి ఆక్సిజన్ తెలుస్తుందని జపాన్‌లో తకువో అవోయాగి అనే ఇంజనీరు కనిపెట్టి 1974లో ప్రకటించాడు. కరోనా కాలంలో మనమంతా వేలికి తగిలించుకున్నది ఆయన ఆలోచననే. ఆయన 2020 ఏప్రిల్‌లో, ఆ మహమ్మారి రోజులలోనే, కన్నుమూశాడు. ఈ పరికరానికి పిల్లల న్యుమోనియాలో పెద్ద పరీక్ష మళ్ళీ పాపువా న్యూగినీలోనే జరిగింది. ఐదు ఆసుపత్రులలో ఆక్సీమీటర్లు, గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రాలు పెట్టారు. న్యుమోనియా పిల్లలలో మరణాలు నూటికి 4.97 నుంచి 3.22కు తగ్గాయని ట్రెవర్ డ్యూక్ బృందం 2008లో ప్రకటించింది. 90 కన్నా తక్కువ ఉంటే ఆక్సిజన్ పెట్టాలన్నది ఆసుపత్రుల నియమం. మా వాడి 88 ఆ గీతకు రెండు మెట్లు కింద ఉంది. నేను పట్టుకుని కూర్చున్న 4కు అక్కడ ఏ గీతా లేదు.

వెదుకులాట ఆగిపోయిందనుకోకండి. రోగనిరోధక కణాలు విడిచే ఎస్‌ట్రెమ్-1, రక్తనాళాల లోపొర దెబ్బతిన్నప్పుడు విడుదలయ్యే యాంజియోపోయిటిన్-2 వంటి కొత్త గుర్తులను ఆఫ్రికా పిల్లలలో పరీక్షిస్తున్నారు. ఏ క్రిమి అన్నది పక్కనపెట్టి, శరీరం ఎంత దెబ్బతింది అన్నది చూడడం వీటి పద్ధతి. మొజాంబిక్‌లో జ్వరంతో వచ్చిన పిల్లలలో మరణాన్ని ముందుగా సూచించడంలో ఎస్‌ట్రెమ్-1 పాతవాటి కన్నా మెరుగని 2020లో తేలింది. ప్రశ్న ఈసారి సరిగ్గా అడిగారని నాకు అనిపిస్తుంది. గుడిసె వాకిట్లో వేలిచుక్కతో చేయగలిగే పరీక్షగా అది అందినప్పుడు మళ్ళీ రాస్తాను. 2019లో కూడా ఐదేళ్ళ లోపు పిల్లలు ఏడు లక్షల నలభై వేల మంది ఈ ఒక్క జబ్బుతోనే పోయారు గనుక, ఏ కొత్త గుర్తునూ నేను చులకన చేయను. టిల్లెట్, ఫ్రాన్సిస్‌లు వెంటపడిన ఆ న్యుమోకాకస్‌కు టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై 2021లో అన్ని రాష్ట్రాలకూ చేరింది. మనవడికి ఆరో వారంలోనే వేశారు. వాణ్ణి పట్టిన ఆర్‌ఎస్‌వీకి అది అడ్డు కాదు, అది వేరే శత్రువు.

ఆసుపత్రిలో రెండో రాత్రి నేను బల్ల మీద కునికిపాట్లు పడుతున్నాను. నర్సమ్మ ఆక్సిజన్ గొట్టం సర్ది వెళ్ళింది. కోడలు నా చేతి గడియారం అడిగి తీసుకుంది. బిడ్డ చొక్కా పైకెత్తి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, "నలభై ఆరు, మామయ్యగారూ" అంది. మరునాడు పొద్దున మళ్ళీ నెత్తురు తీసుకున్నారు. సీఆర్‌పీ 9 వచ్చింది. మొదటిరోజు కన్నా రెట్టింపుకు పైనే. అప్పటికి వాడు తల్లి పాలు కడుపునిండా తాగి, నా వేలు పట్టుకుని నిద్రపోతున్నాడు.